ప్యాలెస్ గల్ కాదు, పలాస గల్ అసలే కాదు

కోరింగ వన్యప్రాణి అభయారణ్యం బాగోగులు చూసే అటవీశాఖ అధికారులకు,

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మీకు కొత్తేమీ కాదు. 1987 నుంచి నడుస్తున్న లెక్క అది. పడవ ముక్కు దగ్గర కూర్చున్నవాళ్లు బైనాక్యులర్ దించకుండానే పక్షి పేరూ అంకే చెబుతూ పోతారు. వెనక బల్ల మీద కుర్రాడు ఒళ్లో అట్ట పెట్టుకుని రాసుకుంటూ పోతాడు. మధ్యలో ఇంజను చప్పుడు, ఎదురుగాలి, బురద మీంచి ఒక్కసారిగా లేచిన గుంపు గోల. అలాంటి చోట "ప్యాలస్ గల్" అని కేకేస్తే కాలేజీ కుర్రాడి చెవికి అందేది రాజభవనమే. ఇంగ్లీషు కాగితం మీద ఆ పొరపాటు జరిగితే సాయంత్రం ఎవరో ఒకరు దిద్దుతారు. అదే మాట తెలుగులో బోర్డుకెక్కితే దిద్దేవాడుండడు. "ప్యాలెస్ గల్" అంటే ఏ జమీందారు మేడ మీదో వాలే పక్షి అనుకుంటారు. దాన్ని కాస్త సవరించి "పలాస్ గల్" అన్నారో, ఇక అది శ్రీకాకుళం జిల్లా జీడిపప్పు ఊళ్లో రైలెక్కి కాకినాడలో దిగినట్టే.

ఆ పేరు వెనకున్న మనిషి పీటర్ సైమన్ పల్లస్. 1741లో బెర్లిన్‌లో పుట్టిన జర్మన్. రెండో కేథరిన్ ఏలుబడిలో రష్యా వెళ్లి, సైబీరియా దాకా తిరిగి, కనిపించిన ప్రాణినల్లా వర్ణించి పెట్టాడు. చలికాలంలో కాకినాడ తీరపు ఇసుక తిన్నెల మీద, మిగతా గల్స్ మధ్య ఒక పెద్దన్నలా నిలబడే ఈ పక్షిని 1773లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. వచ్చినప్పుడు దాని తల తెల్లగా, కంటి వెనక మసి పూసినట్టు ఉంటుంది. తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే వేళకు తలంతా నల్లబడుతుంది. జర్మన్‌లో ఆ ఇంటిపేరులోని రెండు అచ్చులూ అచ్చమైన అకారాలే. "ప్యా" లేదు, దీర్ఘం లేదు. తెలుగు మాత్రమే వచ్చినవాడు "పల్లస్" అన్న అక్షరాలను కూడబలుక్కుని చదివితే సరిగ్గానే పలుకుతాడు. ఇంగ్లీషు చదువుకున్న పాపానికే తప్పు పలకవలసి వస్తోంది.

ఇంగ్లీషు పుస్తకాలకు ఒక సుఖం ఉంది. ఏ దేశపు ఇంటిపేరునైనా ఉన్న స్పెల్లింగుతో అచ్చు వేసి, పలకడం చదివేవాడి ఖర్మకు వదిలేయొచ్చు. తెలుగు బోర్డుకు ఆ సుఖం లేదు. తెలుగులో రాయడమంటేనే పలకడం. హ్రస్వమో దీర్ఘమో, టకారమో తకారమో, బోర్డు రాసేవాడు కుంచె ముంచేలోపు తేలిపోవాలి. తేల్చవలసింది ఆ పెయింటరు కాదు, అతని చేతికి కాగితం ఇచ్చే మీరు. ఈ లేఖ అడిగేది అంతమటుకే: ఇంటిపేర్ల మీద వెలసిన పక్షుల పేర్లను తెలుగులో రాయించే ముందు, ఆ ఇంటిపేరు గలవాళ్లు తమను తాము ఏమని పిలుచుకునేవారో ఒకసారి విచారించండి.

పల్లస్ గల్ నిలబడిన తిన్నె మీదే ముదురు బూడిదరంగు వీపుతో ఇంకో గల్ కనిపిస్తుంది. స్పెల్లింగు చూసి "హ్యూగ్లిన్" అనడం అలవాటైపోయింది. థియొడోర్ ఫాన్ హోయ్‌గ్లిన్ (1824–1876) కూడా జర్మనే. ఈశాన్య ఆఫ్రికా అంతా తిరిగినవాడు. జర్మన్‌లో e, u అనే రెండు అచ్చులూ పక్కపక్కన పడితే "ఓయ్" అని వినబడుతుంది. గట్టు మీంచి పడవవాణ్ణి పిలిచినట్టు "హోయ్" అంటే సగం పేరు వచ్చేసినట్టే.

తిన్నెలు దిగి చేలల్లోకి వస్తే టెమ్మింక్ స్టింట్. దాళ్వా నాట్లకు దమ్ము పట్టిన మడుల్లో, ఎలక కన్నాల పక్కన, పిచ్చుక కన్నా ఏమంత పెద్దది కాని పక్షి తలొంచుకుని బురద పొడుచుకుంటూ ఉంటుంది. ఊరివాళ్లకు అది కూడా ఉల్లంకి పిట్టే. కాళ్లు పాలిపోయిన పసుపుపచ్చ, పైన మట్టిరంగు, ఛాతీ మీద అదే మట్టి కొంచెం పలచగా పూసినట్టు. మనిషి అడుగు చప్పుడైతే నిట్టనిలువుగా లేచి, తోకకు రెండువైపులా తెల్లగా మెరిపించి, నాలుగు మడుల అవతల పడుతుంది. కూన్‌రాడ్ యాకొబ్ టెమ్మింక్ (1778–1858) డచ్చివాడు. లైడెన్‌లోని జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియానికి 1820లో మొదటి డైరెక్టరై, చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆయన తండ్రి డచ్చి ఈస్టిండియా కంపెనీకి కోశాధికారి. పాలకొల్లులో, నరసాపురంలో, కాకినాడ జగన్నాథపురంలో ఫ్యాక్టరీలు పెట్టి గోదావరి బట్టలు కొన్నది ఆ కంపెనీయే. అంటే ఇలాంటి ఇంటిపేర్లు ఈ కాలవగట్ల మీద వినబడటం ఇదే మొదలు కాదు. పాలకొల్లు డచ్చి సమాధుల మీద చెక్కి కూడా ఉన్నాయి. తూర్పు కనుమల వైపు తోటల్లో కనిపించే పొడుగుముక్కు లోటెన్ తేనెపిట్టది కూడా ఇదే కంపెనీ చుట్టరికం: లోటెన్ 1752 నుంచి 1757 దాకా సింహళంలో డచ్చి గవర్నరు. ఈ ఇద్దరి పేర్లూ తెలుగు నోటికి నల్లేరు మీద నడకే. టెమ్మింక్, లోటెన్ అని రాస్తే చాలు.

ఫ్రెంచివాళ్ల సంగతి అలా కాదు. బోర్డు రాసేవాళ్లు బెంబేలెత్తేది అక్కడే.

జమ్ము దుబ్బుల్లో నక్కి తిరిగే అతిచిన్న నీటికోడి ఒకటి చలికాలంలో వస్తుంది. లూయీ ఆంత్వాన్ ఫ్రాన్స్వా బయ్యోఁ (1778–1855) అనే ఫ్రెంచి ప్రకృతిపరిశీలకుడి పేరు దానికి పెట్టారు. ఇంగ్లీషు పలుకుబడిలో అది "బెయిలన్" అవుతుంది, "బైలాన్" అవుతుంది. బెయిలు మీద వచ్చిన పక్షిలా వినబడుతుంది కూడా. అసలు పలుకులో లకారం లేదు, చివర నకారమూ లేదు. ముక్కుతో పలికే ఓకారం ఉంది. ఆ ముక్కు పలుకును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం కుదరదు. తెలుగులో కుదురుతుంది. అరసున్న ఉంది కదా! వ్యాకరణ పుస్తకాల్లో పింఛను పుచ్చుకుంటున్న ఆ గుర్తుకు కోరింగ బోర్డు మీద మళ్లీ కొలువు ఇవ్వొచ్చు. బయ్యోఁ అని రాయండి. అరసున్న తెలియని పిల్లవాడు బయ్యో అని చదివినా "బెయిలన్" కన్నా ఎంతో నయం.

రిచర్డ్ పిపిట్ అని అందరూ పిలిచే పిట్ట కథ ఇంకా విడ్డూరం. 1818లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, లూనెవిల్ ఊరికి చెందిన ఒక రిషార్ పేరు దానికి పెట్టాడు. ఇంగ్లీషువాళ్ల చేతిలో పడి రిషార్ కాస్తా రిచర్డ్ అయిపోయాడు. ఇప్పుడు ప్రపంచమంతా రిచర్డే అంటోంది, పక్షి పుస్తకాలన్నిటా అదే. ఇక్కడ మరీ పట్టింపుకు పోతే పనికాదు. పెద్ద అక్షరాల్లో రిషార్ అనీ, కింద చిన్నగా రిచర్డ్ అనీ రాయిస్తే, రెండు పేర్లతో వచ్చినవాళ్లూ ఒకే పిట్ట దగ్గరకు చేరతారు.

ఫ్రెంచి పలుకు ఎవరిని అడగాలి అని మీరు వెతుక్కోనక్కర్లేదు. అభయారణ్యానికి పక్కనే యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలన. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు "యనాఓఁ". ఫ్రెంచి వచ్చిన పెద్దలు అక్కడ ఉన్నారు. గౌతమి గట్టున ఏ అరుగు మీదో కూర్చోబెట్టి, జాబితాలో ఫ్రెంచి పేర్లున్న నాలుగైదు చదివించి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఒక పూట పని. ప్రపంచంలో ఎన్ని అభయారణ్యాలకు ఇంత దగ్గరలో ఇంత వీలు ఉంటుంది?

జర్మన్లు, డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్ల పేర్లు ఇలా సర్దుకోవచ్చు గానీ, రాజమండ్రి చుట్టుపక్కల ఇంకో రకం తంటా ఉంది. కోనసీమ చెరువుల్లో, తామరాకుల మధ్య తిరిగే బుల్లి బాతును ఇంగ్లీషులో "కాటన్ టీల్" అంటారు. ధవళేశ్వరంలో ఆనకట్ట, మ్యూజియం, ఊరూరా గుర్రం మీద విగ్రహం ఉన్న దేశంలో "కాటన్" అంటే ఎవరనుకుంటారు? దొరగారి బాతే అనుకుంటారు. కానీ ఆ బాతుకూ సర్ ఆర్థర్ కాటన్‌కూ ఏ సంబంధమూ లేదు. దూది రంగు చూసి పెట్టిన పేరు అది. అలాగే శీతకాలంలో కంచెల మీద వాలే "బ్రౌన్ ష్రైక్"కు, రాజమండ్రిలో కొంతకాలం కొలువు చేసి 1852లో నిఘంటువు అచ్చు వేసిన సి.పి. బ్రౌన్‌తో చుట్టరికం లేదు. ఇంగ్లీషులో ఇంటిపేరుకు పెద్ద అక్షరం ఉంటుంది, చివర యాజమాన్యపు కామా ఉంటుంది. చూడగానే మనిషి అని తెలిసిపోతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం లేదు, ఆ కామా లేదు. కాటన్ అంటే దొరో దూదో, బ్రౌన్ అంటే పండితుడో రంగో లిపి చెప్పదు.

అందుకని రంగును, రూపును, తిరిగే చోటును చెప్పే ఇంగ్లీషు మాటలను తెలుగు చేసేయాలి. పత్తి బాతు, గోధుమరంగు ష్రైక్. ఇంటిపేరును మాత్రమే ఉన్నదున్నట్టు ఉంచాలి. అప్పుడు బోర్డు మీద పక్షి జాతి మాటకు ముందు పరాయి మాట కనిపిస్తే అది మనిషి పేరేనని పిల్లలకే తెలిసిపోతుంది. ఇంటిపేరు చివర ఇంగ్లీషు షష్ఠీ విభక్తిని తగిలించడం కూడా మానేయొచ్చు. పత్రికల్లో "జెర్డాన్స్ కోర్సర్" అని కనిపిస్తుంటుంది. చదివినవాళ్లలో చాలామంది ఆ పెద్దమనిషి పేరే జెర్డాన్స్ అనుకుంటారు. "కాటన్ బ్యారేజి" అంటాం గాని "కాటన్స్ బ్యారేజి" అనం కదా!

ఆ పెద్దమనిషి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. థామస్ కేవర్‌హిల్ జెర్డన్ (1811–1872) మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన రోజుల్లో యానాదుల దగ్గర పిట్టల, పురుగుల, పాముల సంగతులు రాబట్టాడు. 1862 నుంచి 1864 వరకు అచ్చయిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథంలో చాలా పక్షుల దగ్గర హిందీ, తమిళ పేర్లతో పాటు తెలుగు పేర్లూ ఉన్నాయి. దీర్ఘం లేని జెర్డన్ ఆయన పేరు. మొదటి అక్షరం ఒత్తి, రెండోది తేల్చి పలకాలి. ఆయనకు దొరికిన, రెండు పట్టీల మెడ గల, రాత్రిపూట పరుగెత్తే పక్షిని 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించి పేరు పెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పక్షి కనిపించిన కొద్ది చోట్లలో గోదావరి లోయలోని భద్రాచలం, సిరొంచ ప్రాంతాలూ ఉన్నాయి. కాబట్టి గోదావరి జిల్లాలవాళ్లు దాన్ని మరీ కడప పక్షి అని వదిలేయడానికి లేదు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ బృందానికి కడప జిల్లా లంకమల దగ్గర అది మళ్లీ దొరికింది. చిక్కింది స్థానిక వేటగాళ్లకు, రాత్రి, టార్చి వెలుగులో. వాళ్లు దాన్ని కలివికోడి అన్నారు. కలివి పొదల్లో తిరిగే కోడి. రెండేళ్లకు, 1988లో, తపాలా బిళ్ల మీద కూడా వచ్చింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం పుట్టింది దాని రక్షణకే. తెలుగుగంగ కాలవ దారి మళ్లింది దాని కోసమే.

జెర్డన్ చేసిన పనికి తిరగేసిన అద్దం కూడా ఇక్కడే ఉంది. ఆయన రాసుకున్న తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఆ అక్షరాల్లో లకు ళకు తేడా లేదు, తకు టకు తేడా లేదు, హ్రస్వానికి దీర్ఘానికి నికరం లేదు. ఇప్పుడు ఎవరైనా ఆ పుస్తకం ముందేసుకుని తెలుగు పేర్లను తిరిగి తెలుగులోకి ఎక్కిస్తే, మన పేర్లనే మనం తప్పు రాసుకున్నట్టవుతుంది. కాబట్టి బోర్డు మీదికి స్థానిక నామం తెచ్చేముందు ఆ పేరును పుస్తకంలో కాక వలేసేవాళ్ల నోట, లంకల్లో పశువులు కాసేవాళ్ల నోట వినాలి. తెల్లవాడి ఇంటిపేరును లైడెన్‌లో విచారించమని అడిగేవాళ్లు, ఉల్లంకిని భైరవపాలెంలో విచారించకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

కొన్ని పేర్లు బళ్లో చరిత్ర చెప్పే మాస్టార్లకు ముందే తెలుసు, ఆ ధైర్యం కొంత ఉంది. హ్యూమ్ ఆకు పిట్టలోని హ్యూమ్, 1885లో కాంగ్రెస్ పుట్టుకలో ఉన్న ఎ.ఓ. హ్యూమే. అదే సంవత్సరం ఆయన తన పక్షుల సేకరణ మొత్తాన్ని లండన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. చేల మీద రెక్కలు ఎత్తిపట్టి తేలే మాంటేగు హారియర్ పేరులోని జార్జ్ మాంటేగు (1753–1815) వేరే మనిషి గాని, ఇంటిపేరు మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగుదే. తెలుగు చరిత్ర పుస్తకాలు ఎప్పుడో ఒక రూపం ఖాయం చేశాయి. పక్షుల బోర్డు మీద "మోంటగు" అని కొత్తగా పుట్టించడం దేనికి?

ఇంత దూరం చదివాక "చచ్చిపోయిన తెల్లవాళ్ల పేర్లకు ఇంత మర్యాద ఎందుకు?" అని మీలో ఎవరైనా అంటే, అది అడగవలసిన మాటే. అమెరికా పక్షిశాస్త్ర సంఘం 2023 నవంబరులో తమ పరిధిలోని పక్షులకు మనుషుల పేర్లతో ఉన్న ఇంగ్లీషు పేర్లన్నీ మారుస్తామని ప్రకటించింది. అంతకు ముందే, 2020లో, మకౌన్ అనే సేనాని పేరున్న పిట్టకు ఆ పేరు తీసి లావుముక్కు పిట్ట అని పెట్టారు. కానీ ఆ సంఘం పరిధి అమెరికా ఖండాలు. కోరింగలో దిగే పక్షులకు ఆ తీర్మానం వర్తించదు. రేపు ఇక్కడా మారినా లాటిన్ పేర్లలో టెమ్మింక్, హోయ్‌గ్లిన్ అలాగే ఉంటారు. అంతకన్నా ముఖ్యమైన జవాబు ఒకటి మీ అభయారణ్యం గేటు మీదే రాసి ఉంది. ఆ ఊరు కోరంగి. ఇంగ్లీషువాళ్ల నాలుక మీద "కోరింగ" అయి, సర్కారు కాగితాల్లోకి ఎక్కి, ఇప్పుడు తెలుగు బోర్డు మీద కూడా కోరింగే. ఆ రేవులో ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగీలు అన్నారు. ఎవరు ఎక్కడివాళ్లో చెప్పేందుకు ఊరి పేరునే కులనామం చేశారు. ఆ పిలుపులో ప్రేమ తక్కువ. కాకినాడను కొకనాడా అన్నారు. రాజమహేంద్రవరం పాత పేరు సర్కారు కాగితాల్లోకి తిరిగి రావడానికి 2015 దాకా పట్టింది. పేరు నలగడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఇంకొకరి పేరును నలపడంలో తొందర పడకపోతే బాగుంటుంది. గేటు మీద కోరంగి అని కూడా రాయిస్తే, ఈ ఉత్తరంలోని సగం డిమాండు తీరినట్టే.

తేలని పేర్లూ ఉన్నాయి. చలికాలమంతా పెరటి మల్లెపొదల్లోంచి, కరివేపాకు చెట్లలోంచి "చెక్, చెక్" అంటూ కనపడకుండా విసిగించే బ్లైత్ జమ్ముపిట్ట ఒకటి. ఎడ్వర్డ్ బ్లైత్ లండన్‌వాడు. 1841 నుంచి ఇరవయ్యేళ్లకు పైగా కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్నాడు. ఆ ఇంటిపేరును ఇంగ్లీషువాళ్లే బ్లై అని కొందరు, బ్లైద్ అని కొందరు, బ్లైత్ అని కొందరు పలుకుతారు. అలాంటి చోట మీరు ఒకటి ఎంచుకుని దాన్నే అన్ని బోర్డుల మీదా వాడండి. చొల్లంగి చెక్కవంతెన దగ్గర ఒకటి, ఆటపాక గూడబాతుల దగ్గర ఇంకొకటి ఉంటేనే చిక్కు. ఈ లేఖ ఓటు బ్లైత్‌కు, అదే ఎక్కువమందికి చెవిన పడి ఉంది కనుక.

ఉల్లంకుల మొదటి గుంపులు ఆగస్టు చివర నుంచే బురదమీద దిగుతాయి. వానలకు వెలిసిన బోర్డులకు రంగులు వేయించే పని ఎలాగూ ఆ లోపునే ఉంటుంది. జాబితాలో ఇంటిపేర్లున్నవి ఏరితే ఒక ఠావు కాగితం కూడా నిండదు. ఆ కాగితం ఒకసారి యానాం వెళ్లి రావాలి, ఒకసారి రాజమండ్రిలో భాష చెప్పేవాళ్ల చేతికి వెళ్లాలి, చివరకు పడవ నడిపేవాళ్ల ముందు పైకి చదవాలి. వాళ్ల నోట తిరగని రూపం ఏదైనా ఉంటే అది మార్చాలి. ఎందుకంటే జనవరిలో ఇంజను మోత మీంచి ఆ పేరు కేకేయవలసింది వాళ్లే.

ఇట్లు,
గోదావరి ముఖద్వారంలో పక్షుల లెక్కకు వచ్చేవారి తరఫున ఒక పాఠకుడు